నిమిషానికి ఏడు వేల చుట్లు! ఇంజను తట్టుకునేదెలా?

మీ వీధిలో పాత బుల్లెట్ మోటారు సైకిలు వెళ్తున్నప్పుడు దాని చప్పుడు వినే ఉంటారు. డగ్... డగ్... డగ్ మంటూ నింపాదిగా సాగుతుంది. బండి ఆగి ఉన్నప్పుడు ఆ ఇంజను నిమిషానికి దాదాపు వెయ్యి చుట్లు తిరుగుతుందనుకోండి. అది నాలుగు స్ట్రోకుల ఇంజను కాబట్టి రెండు చుట్లకొకసారి పేలుడు జరుగుతుంది. అంటే సెకనుకు సుమారు ఎనిమిది పేలుళ్లు. చెవి పెట్టి వింటే దాదాపుగా లెక్కపెట్టవచ్చు.

ఇప్పుడు ఎనిమిది సిలిండర్లున్న ఒక ఇంజనును ఊహించుకోండి. అది నిమిషానికి 7,000 చుట్లు తిరుగుతోంది. లెక్క వేయండి: సెకనుకు 467 పేలుళ్లు! ఇక డగ్ డగ్ అనే మాటే ఉండదు. వినిపించేది ఒకటే గర్జన. ఇలాంటి ఇంజన్లు 1960లలో అమెరికా రేసు బాటల మీద గంటల తరబడి ఈ వేగంతో పరుగెత్తాయి. కొన్ని గెలిచాయి. కొన్ని మధ్యలోనే ముక్కలయ్యాయి. ఈ రెంటికీ తేడా ఎక్కడుంది? మీ భౌతికశాస్త్రం పుస్తకంలోని నాలుగైదు సూత్రాలు చాలు, సమాధానం తెలుసుకోవడానికి. రండి, చూద్దాం.

ఇంత వేగం ఎందుకు?

1960లలో అమెరికాలో ‘మజిల్ కార్లు’ అనే కొత్త రకం వచ్చింది. మజిల్ అంటే కండ. మామూలు సైజు కారులో పెద్ద వి-8 ఇంజను బిగించి, కుర్రకారు కొనగలిగే ధరకు అమ్మేవారు. 1964లో వచ్చిన పాంటియాక్ జి.టి.ఓ.ను ఈ కోవలో మొదటిదిగా చాలామంది చెబుతారు. ఆ తర్వాత ఫోర్డ్ మస్టాంగ్, షెవర్లే కమారో వంటివి రంగంలోకి దిగాయి.

1966లో అక్కడ ‘ట్రాన్స్-యామ్’ అనే రేసుల వరుస మొదలైంది. దానిలో ఒక నిబంధన ఉంది: ఇంజను పరిమాణం 5 లీటర్లు మించకూడదు. మజిల్ కార్ల లెక్కలో ఇది చిన్న ఇంజనే. మరి చిన్న ఇంజను నుంచి ఎక్కువ శక్తి రాబట్టడం ఎలా?

ఇక్కడ ఒక సూత్రం గుర్తు చేసుకోండి. తిరిగే యంత్రం సామర్థ్యం దాని టార్క్‌నూ, తిరిగే వేగాన్నీ గుణిస్తే వస్తుంది. టార్క్ అంటే తిప్పే బలం. అది ముఖ్యంగా ఇంజను పరిమాణం మీద ఆధారపడుతుంది. పరిమాణం పెంచడానికి నిబంధన ఒప్పుకోదు. మిగిలింది వేగం ఒక్కటే. అంటే ఇంజనును మరింత వేగంగా తిప్పాలి.

షెవర్లే కంపెనీ దగ్గర 327 ఘనపు అంగుళాల ఇంజను ఉంది. కానీ అది 5 లీటర్ల హద్దు దాటుతుంది. విన్స్ పిగ్గిన్స్ అనే ఇంజనీరు చొరవతో తయారైన కమారో జడ్-28 కారు కోసం వారొక తేలిక ఉపాయం పన్నారు. 327 ఇంజను దిమ్మెలో, అంతకుముందున్న 283 ఇంజను తాలూకు పొట్టి స్ట్రోకు కొలతలున్న క్రాంక్ షాఫ్ట్ పెట్టారు. సిలిండరు వ్యాసం 101.6 మిల్లీ మీటర్లు, స్ట్రోకు 76.2 మిల్లీ మీటర్లు. మొత్తం 302 ఘనపు అంగుళాలు, అంటే సుమారు 4,942 ఘనపు సెంటీ మీటర్లు. హద్దుకు కొంచెం లోపల! 1967 మోడల్‌గా వచ్చిన ఈ కారు ఇంజనుకు 5,800 చుట్ల వద్ద 290 హార్స్ పవర్ అని కంపెనీ ప్రకటించింది. రేసు కోసం తయారుచేసినవి 400 దాటి ఇచ్చేవి.

ఒక వింత గమనించారా? మన పాత బుల్లెట్ 350లో స్ట్రోకు 90 మిల్లీ మీటర్లు. ఎనిమిది సిలిండర్ల ఆ అమెరికా ఇంజనులో 76.2 మాత్రమే! పరిమాణంలో పద్నాలుగు రెట్లు పెద్దదైనా దాని పిస్టను ప్రయాణించే దూరం బుల్లెట్ కన్నా తక్కువ. అది ఎంత మేలు చేస్తుందో ఇప్పుడు చూద్దాం.

పిస్టను పడే పాట్లు

నిమిషానికి 7,000 చుట్లంటే, పిస్టను పైనుంచి కిందికి రావడానికి పట్టే కాలం సెకనులో వెయ్యో వంతులు 4.3 మాత్రమే. ఈ కాసేపట్లో అది పైన పూర్తిగా ఆగిన స్థితి నుంచి బయలుదేరి, దారి మధ్యలో గంటకు 104 కిలో మీటర్ల వేగం అందుకుని, కింద మళ్లీ పూర్తిగా ఆగిపోతుంది. ఇదంతా 76 మిల్లీ మీటర్ల దూరంలో! అంటే మీ అరచేయి వెడల్పంత దూరంలో అన్నమాట.

వేగం ఇంత త్వరగా మారితే త్వరణం ఎంతుంటుంది? వృత్తంలో తిరిగే వస్తువు త్వరణానికి మీకు తెలిసిన సూత్రమే: వ్యాసార్ధాన్ని కోణీయ వేగం వర్గంతో గుణించాలి. క్రాంక్ వ్యాసార్ధం స్ట్రోకులో సగం, అంటే 38.1 మిల్లీ మీటర్లు. కనెక్టింగ్ రాడ్ ఏటవాలుగా వంగడం వల్ల పైకొసలో ఇది మరో 26 శాతం పెరుగుతుంది. లెక్క కడితే గురుత్వ త్వరణానికి సుమారు 2,600 రెట్లు వస్తుంది!

పిస్టను, దాని పిన్ను, రింగులు, రాడ్ పై భాగం అన్నీ కలిపి 900 గ్రాములనుకుందాం. 2,600 రెట్ల త్వరణంలో ఆ 900 గ్రాములు 2,300 కిలోలకు పైగా బరువున్నట్టు ప్రవర్తిస్తాయి. అంటే రెండు కార్లను ఆ రాడ్‌కు వేలాడదీసినట్టే.

పొలాల్లో పిట్టల్ని తోలడానికి వడిసెల తిప్పడం చూశారా? రాయిని ఎంత వేగంగా తిప్పితే తాడు అంత బిగుసుకుంటుంది. వేగం రెట్టింపయితే తాడు మీద లాగుడు రెట్టింపు కాదు, నాలుగు రెట్లవుతుంది. ఇంజనులోనూ అంతే. ఇదే రాడ్ మీద 3,500 చుట్ల దగ్గర పడే బలం సుమారు 590 కిలోలే. 8,000 చుట్లకు వెళ్తే 3,100 కిలోలు! ‘ఇంకో వెయ్యి చుట్లే కదా’ అని యాక్సిలరేటర్ తొక్కేవారు మరిచిపోయేది ఈ వర్గ సూత్రాన్నే.

స్ట్రోకు పొట్టిగా ఉంటే వ్యాసార్ధం తగ్గుతుంది, బలమూ తగ్గుతుంది. పొట్టి స్ట్రోకు మేలు ఇప్పుడు అర్థమైందా?

పేలుడు కన్నా ప్రమాదమైన క్షణం

రాడ్‌ను విరగ్గొట్టేది పేలుడేనని మీరు అనుకోవచ్చు. పేలుడు రాడ్‌ను కిందికి నొక్కుతుంది. ఉక్కు నొక్కుడును బాగా భరిస్తుంది. అసలు గండం వేరే చోట ఉంది. కాలిన వాయువుల్ని బయటికి నెట్టి పిస్టను పైకొసకు చేరుతుంది చూడండి, ఆ క్షణంలో! అప్పుడు సిలిండరులో ఒత్తిడి దాదాపు లేదు. పైకి దూసుకుపోతున్న పిస్టనును ఆపి కిందికి లాగాల్సింది రాడ్ ఒక్కటే. 2,300 కిలోల లాగుడంతా రాడ్ కింది భాగాన్ని మూతతో కలిపి పట్టే రెండు బోల్టుల మీద పడుతుంది. ఒక్కోదాని వాటా సుమారు 1,200 కిలోలు.

అందుకే రేసు ఇంజను కట్టే మెకానిక్కులు ముందుగా చూసేది ఈ బోల్టుల్నే. చిటికెన వేలంత లావైనా లేని, 3/8 అంగుళాల మంచి బోల్టును 4 టన్నులకు పైగా బలంతో బిగిస్తారు. పడేది 1,200 కిలోలైతే అంత బిగింపు ఎందుకు? కారణం ఉంది. బాగా బిగించిన బోల్టు కొద్దిగా సాగి, గట్టి స్ప్రింగులా రెండు భాగాలనూ నొక్కి పట్టుకుంటుంది. బయటి లాగుడు ఈ నొక్కుడు కన్నా తక్కువగా ఉన్నంత కాలం అతుకు విడిపోదు. బోల్టులోని లాగుడు కూడా చుట్టు చుట్టుకూ పెద్దగా మారదు. బిగింపు చాలకపోతే ప్రతి చుట్టులోనూ బోల్టు సాగుతూ, ముడుచుకుంటూ త్వరలోనే తెగిపోతుంది.

మరి సరిగ్గా బిగిసిందని తెలిసేదెలా? టార్క్ రెంచితో కొలవవచ్చు. కానీ మనం తిప్పే శ్రమలో పదింట తొమ్మిది వంతుల వరకు మరల దగ్గర, తల కింద ఘర్షణకే పోతుంది. నూనె రాశామా లేదా అన్నదాన్ని బట్టి ఫలితం మారిపోతుంది. అందుకని జాగ్రత్తపరులు బోల్టు పొడవునే కొలుస్తారు. బిగించక ముందు, బిగించాక మైక్రోమీటరుతో చూస్తారు. మంచి బోల్టు సుమారు 0.15 మిల్లీ మీటరు సాగాలి. వదిలేస్తే మళ్లీ మొదటి పొడవుకే రావాలి. రాలేదంటే అది స్థితిస్థాపక అవధి దాటింది, పారేయాల్సిందే. హుక్ సూత్రం పరీక్ష కోసం చదివేదే కాదు చూశారా!

లోహానికీ అలసట ఉంది

ఒక ప్రయోగం చేయండి. సన్నని ఇనుప తీగను అటూ ఇటూ వంచుతూ పోండి. కొన్నిసార్లకు తెగిపోతుంది. మరో తీగ ముక్క మీద ఆకురాయితో చిన్న గాటు పెట్టి అలాగే వంచండి. ఈసారి ఇంకా త్వరగా, సరిగ్గా ఆ గాటు దగ్గరే తెగుతుంది. ఒక్కసారి వంచితే తెగని తీగ పదే పదే వంచితే తెగడాన్నే లోహపు అలసట అంటారు.

ఇది ప్రాణాల మీదికి తెచ్చిన సంగతి. 1842 మే 8న ఫ్రాన్సులో వెర్సాయ్ నుంచి పారిస్‌కు వస్తున్న రైలు ఇంజను ఇరుసు విరిగి ఘోర ప్రమాదం జరిగింది. ఆ తర్వాతి దశాబ్దాల్లో జర్మనీకి చెందిన ఆగస్ట్ వోలర్ అనే ఇంజనీరు రైలు ఇరుసుల మీద ఓపికగా ప్రయోగాలు చేశాడు. బలం కొంత హద్దు కన్నా తక్కువగా ఉంటే ఉక్కు ఎన్ని సార్లయినా తట్టుకుంటుందనీ, హద్దు దాటితే ఏదో ఒకనాటికి విరుగుతుందనీ తేల్చాడు. పదునైన మూలలు, గాట్లు ఉన్నచోటే పగుళ్లు మొదలవుతాయని కూడా తెలిసింది.

మన ఇంజనుకు ఇది ఎలా వర్తిస్తుంది? 7,000 చుట్ల వద్ద ఒక గంటలో ప్రతి రాడ్ 2,10,000 సార్లు ఆ గండం క్షణాన్ని దాటాలి. అయిదు గంటల్లో పది లక్షల సార్లు! కాబట్టి పోత లోహం బదులు ఫోర్జింగ్ చేసిన ఉక్కుతో రాడ్లు, క్రాంక్ షాఫ్ట్ చేస్తారు. మన కమ్మరి కొలిమిలో కాల్చి సుత్తితో కొట్టినట్టే, వేడి ఉక్కును భారీ అచ్చుల మధ్య అదిమి రూపం తెప్పిస్తారు. రాడ్ అంచుల మీది గీతల్ని అరగదీసి నునుపు చేస్తారు. ఆ తర్వాత చిన్న చిన్న ఉక్కు గుళ్లను వేగంగా చిమ్మి ఉపరితలాన్ని కొడతారు. దాంతో పైపొర నొక్కుకుపోయి పగులు తెరుచుకోకుండా అడ్డుకుంటుంది. క్రాంక్ షాఫ్ట్ మూలల్ని పదునుగా వదలకుండా గుండ్రంగా చేస్తారు.

పాత రాడ్లు వాడాలంటే మరో పరీక్ష ఉంది. రాడ్‌ను అయస్కాంతంగా మార్చి ఇనుప పొడి చల్లుతారు. కంటికి కనిపించని పగులు ఉంటే అక్కడ బలరేఖలు బయటికి చిమ్మి, పొడి గీతలా పేరుకుంటుంది. అయస్కాంతం మీద ఇనుప రజను చల్లే మీ బడి ప్రయోగమే అక్కడ ప్రాణాలు కాపాడుతుంది.

ఒక్క గ్రాము విలువ

7,000 చుట్ల వద్ద క్రాంక్ పిన్ను దగ్గర ఒకే ఒక్క గ్రాము తేడా ఉంటే, అది రెండు కిలోల బలంతో ఇంజనును ప్రతి చుట్టులోనూ కుదుపుతుంది. అందుకే ఎనిమిది పిస్టన్లనూ, ఎనిమిది రాడ్లనూ తూచి, అన్నింటికన్నా తేలికైన దానితో మిగతావి సమానమయ్యేలా అరగదీస్తారు. తర్వాత క్రాంక్ షాఫ్ట్‌ను యంత్రం మీద తిప్పి, బరువెక్కువైన చోట రంధ్రం వేసి లోహం తీసేస్తారు.

క్రాంక్ షాఫ్ట్ గట్టిగా ఉన్నా ఒక్కో పేలుడుకు కొద్దిగా మెలి తిరిగి వెనక్కి వస్తుంది. ఈ మెలిక కంపనాలు దాని సహజ పౌనఃపున్యంతో కలిస్తే ఏమవుతుందో మీకు తెలుసు. అనునాదం ఏర్పడి కంపనాలు పెరిగిపోతాయి, క్రాంక్ విరిగిపోవచ్చు. అందుకని దాని ముందు కొసన రబ్బరు మీద కూర్చోబెట్టిన బరువైన చక్రం బిగిస్తారు. ఆ కంపనాల శక్తి రబ్బరులో వేడిగా మారి చల్లారుతుంది.

1968లో షెవర్లే ఈ క్రాంక్ బేరింగు భాగాల వ్యాసాన్ని 58.4 నుంచి 62.2 మిల్లీ మీటర్లకు పెంచింది. లావైతే గట్టిదనం పెరుగుతుంది. అయితే ఉపరితలం వేగం కూడా పెరిగి బేరింగు మరింత వేడెక్కుతుంది. ఒకటి కావాలంటే ఇంకొకటి కొంత వదులుకోవాలి. 1969 ఇంజనులో మధ్యలోని మూడు బేరింగు మూతలకు రెండు చొప్పున కాక నాలుగేసి బోల్టులు పెట్టారు.

వెంట్రుకంత నూనె పొర

ఇంత బలం మోసే బేరింగుల్లో లోహాన్ని లోహం తాకకూడదు. మధ్యలో నూనె పొర ఉండాలి. బేరింగుకూ షాఫ్టుకూ మధ్య వదిలే ఖాళీ మొత్తం 0.05 నుంచి 0.06 మిల్లీ మీటరు. ఇంచుమించు మీ తల వెంట్రుక మందం! తిరిగే షాఫ్ట్ తనతో పాటు నూనెను ఇరుకు సందులోకి లాక్కెళ్తుంది. అక్కడ నూనెలో విపరీతమైన ఒత్తిడి పుట్టి షాఫ్టును తేలుస్తుంది. ఇంగ్లండులో బోషాం టవర్ 1883లో ప్రయోగాల్లో దీన్ని గమనించగా, 1886లో ఆస్బోర్న్ రేనాల్డ్స్ గణితంతో వివరించాడు.

నూనె ఒక్క క్షణం అందకపోయినా బేరింగు కరిగి అంటుకుపోతుంది. మూల మలుపులో కారు దూసుకెళ్తుంటే అడుగు తొట్టెలోని నూనె ఒక పక్కకు ఎగబాకుతుంది, పంపు గాలిని పీలుస్తుంది. దీన్ని ఆపడానికి తొట్టెలో అడ్డు పలకలు పెడతారు. గిర్రున తిరిగే క్రాంక్ నూనెను చిలికి మజ్జిగ నురగలా చేయకుండా మధ్యలో ఒక రేకు అమరుస్తారు. ప్రతి వెయ్యి చుట్లకూ చదరపు అంగుళానికి 10 పౌండ్ల చొప్పున నూనె ఒత్తిడి ఉండాలన్నది మెకానిక్కుల వాడుక లెక్క. 1968 ట్రాన్స్-యామ్‌లో ఫోర్డ్ వారి టనెల్ పోర్ట్ 302 ఇంజన్లకు శక్తి ఉన్నా, వరుసగా పాడైపోయి పోటీల నుంచి తప్పుకున్నాయి. ఆ ఏడాది మార్క్ డొనోహ్యూ నడిపిన కమారో 13 పోటీల్లో 10 గెలిచింది. శక్తి ఎంతున్నా చివరి గీత దాటేదే గెలుస్తుంది మరి.

వాల్వులు దారి తప్పితే

ఇక పై భాగానికి వద్దాం. 7,000 చుట్ల వద్ద ప్రతి వాల్వు సెకనుకు 58 సార్లు తెరుచుకుంటుంది. తెరుచుకుని మూసుకోవడానికి దొరికే కాలం సెకనులో 140వ వంతు. వాల్వును తెరిచేది క్యామ్ షాఫ్ట్. మూసేది స్ప్రింగు. వేగం మరీ పెరిగితే, జడత్వం వల్ల వాల్వు స్ప్రింగు మాట వినక గాలిలో తేలుతుంది. క్యామ్ ముక్కు దాటిపోయినా వాల్వు ఇంకా తెరిచే ఉంటుంది. ఈలోగా పైకి వస్తున్న పిస్టను దాన్ని ఢీకొంటుంది. ఇక చెప్పేదేముంది!

స్ప్రింగును గట్టిది చేస్తే సరిపోదా? కొంతవరకే. మరీ గట్టిదైతే క్యామ్ అరిగిపోతుంది. అసలు ఉపాయం బరువు తగ్గించడం. ఈ ఇంజనులో క్యామ్ కదలికను రాకర్ అనే తూనిక కాడ లాంటి భాగం ఒకటిన్నర రెట్లు పెంచి వాల్వుకిస్తుంది. కాబట్టి వాల్వు వైపు తగ్గించిన ఒక గ్రాము, క్యామ్ వైపు తగ్గించిన రెండుంపావు గ్రాములతో సమానం. స్ప్రింగును పట్టి ఉంచే బిళ్లను ఉక్కుకు బదులు టైటానియంతో చేయించడం అందుకే. స్ప్రింగుకూ సొంత సహజ పౌనఃపున్యం ఉంటుంది కదా, అందుకని ఒకదానిలో ఒకటి ఇమిడే రెండు స్ప్రింగులు వాడతారు. ఒకటి అనునాదంలో పడినా రెండోది పడదు.

మామూలు కార్లలో వాల్వు ఖాళీని నూనె ఒత్తిడితో తనంతట తానే సర్దుకునే లిఫ్టర్లుంటాయి. అధిక వేగంలో వాల్వు తేలితే అవి ఆ ఖాళీని కూడా నింపేసి వాల్వును మూసుకోనివ్వవు. జడ్-28లో వాటి బదులు గట్టి లిఫ్టర్లు వాడి, 0.76 మిల్లీ మీటరు ఖాళీ వదిలారు. ఫలితంగా ఇంజను టకటక చప్పుడు చేస్తుంది, ఖాళీని తరచూ సరిచూసుకోవాలి.

చివరగా ఒక చిన్న పరీక్ష. పిల్లలు ఆడుకునే బంకమట్టి ముద్దను పిస్టను తల మీద అంటించి, ఇంజను బిగించి, చేత్తో నెమ్మదిగా రెండు చుట్లు తిప్పుతారు. విప్పి చూస్తే మట్టిలో వాల్వు అచ్చు పడి ఉంటుంది. అన్నింటికన్నా పలచని చోట కోసి మందం కొలుస్తారు. లోపలికి గాలి వదిలే వాల్వు దగ్గర 2, పొగ వదిలే వాల్వు దగ్గర 2.5 మిల్లీ మీటర్లయినా ఉండాలి. లక్షలు ఖరీదు చేసే ఇంజనును కాపాడేది పిడికెడు మట్టి!

గుర్తుంచుకోవలసింది

నేటికీ ఎందరో అభిమానులు ఈ పాత ఇంజన్లను విప్పి తిరిగి కడుతున్నారు. ఇప్పుడు హద్దు దాటగానే మంట ఆపేసే ఎలక్ట్రానిక్ సాధనాలున్నాయి. అయినా వాటికొక పరిమితి ఉంది. వేగంగా పోతున్న కారులో పొరపాటున కింది గేరు వేస్తే చక్రాలే ఇంజనును తిప్పుతాయి. మంట ఆపినా ఆ వేగం ఆగదు. రాడ్ విరిగితే ఇంజను దిమ్మెను చీల్చుకుని బయటికొస్తుంది. నూనె వెనక చక్రాల కింద పడి బండి అదుపు తప్పుతుంది. కాబట్టి సరదాకు బండి ఇంజనును గొంతెత్తి అరిపించేవారికి ఈ లెక్క చెప్పండి.

మీ ఇంట్లో మోటారు సైకిలు ఉంటే దాని పుస్తకంలో స్ట్రోకు ఎంతో చూడండి. స్ట్రోకును మీటర్లలో రాసి, రెండుతో, నిమిషానికి చుట్లతో గుణించి, 60తో భాగించండి. పిస్టను సగటు వేగం సెకనుకు ఎన్ని మీటర్లో వస్తుంది. 302 ఇంజనుకు 7,000 చుట్ల వద్ద అది 17.8. మీ బండిది ఎంత? ఎర్ర గీత దగ్గర ఎంత? లెక్క కట్టి చూడండి. ఆ గీతను అక్కడే ఎందుకు గీశారో అప్పుడు మీకే తెలుస్తుంది.